మా రాతకు మొదటి చదువరి



మాది జంగమకోటె. చిక్కబళ్లాపురం జిల్లా, శిడ్లఘట్ట తాలూకా. పట్టుగూళ్ల సీమ. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడం. బస్సు మీద బోర్డు కన్నడం, రేషన్ కార్డు కన్నడం, పెళ్లిపత్రిక కన్నడం. పెళ్లిలో ముసలమ్మలు పాడే పాట మాత్రం తెలుగు. బాగేపల్లి, చింతామణి పక్కలకు పోతే ఈ తెలుగు ఇంకా చిక్కబడుతుంది. కైవారం తాతయ్య, అదే నారేయణ యోగి, ఆయన తెలుగు కీర్తనలను కన్నడ లిపిలో అచ్చయిన పుస్తకం ముందు పెట్టుకుని పాడే భక్తులు మాకు కొత్త కాదు. ఇట్లాంటి చోట పుట్టినవాడికి తెలుగులో ఏదన్నా రాయాలని బుద్ధి పుడితే వాడికి అక్షరం ఎవరు నేర్పాలి? బడి నేర్పదు. ఇంట్లోవాళ్లకు రాదు. నాకు నేర్పింది పత్రికలు. అందుకే ఈ పూట సాహిత్య పత్రికల గురించి, వాటిని నడిపిన సంపాదకుల గురించి మాట్లాడుకుందామని వచ్చాను.

చందమామతో మొదలుపెడతాను. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు తెలుగులోనూ తమిళంలోనూ దాన్ని మొదలుపెట్టారు. 1949లో కన్నడ చందమామ వచ్చింది. మా ఊళ్లో దొరికింది ఆ కన్నడ చందమామే. మదనపల్లె నుంచి చుట్టాలు ఎవరైనా వచ్చేటప్పుడు తెలుగు సంచిక తెచ్చేవాళ్లు. రెండూ పక్కపక్కన పరుచుకుని, బొమ్మను బట్టి కథను, కథను బట్టి అక్షరాన్ని పోల్చుకున్నాం. రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలే కదా, తలకట్టు దగ్గర కాస్త తికమక పడ్డా మిగతాది దారిన పడింది. ఆ కథల వచనం ఎందుకంత తేలిగ్గా నాలుక మీద నడిచేదో చాలాకాలం తరువాత తెలిసింది. చక్రపాణి గారి పేరు మీద వచ్చే ఆ పత్రికలో రాతంతా కొడవటిగంటి కుటుంబరావు గారి చేతి మీదుగా పోయేదట. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆయన ఆ పనిలోనే ఉన్నారు. సొంతంగా అంతటి కథకుడు, ఊరూపేరూ లేని పిల్లల కథల వాక్యాలు సరిచేస్తూ ఇరవై ఎనిమిదేళ్లు గడిపాడు! సంపాదకత్వం అంటే ఏమిటో చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కరలేదు. అయినా చెబుతాను, రేడియో వాళ్లు సమయం ఇచ్చారు కాబట్టి.

సంపాదకుడంటే కవర్లు చింపి, నచ్చింది ఉంచుకుని నచ్చనిది తిరుగు టపాలో పంపే మనిషని మనలో చాలామంది అనుకుంటాం. ఆ పని గుమాస్తా కూడా చేస్తాడు. 1922లో ఇనుగుర్తిలో ఏం జరిగిందో చూడండి. వరంగల్లు వైపు పల్లె అది, అప్పటికి నైజాం రాజ్యం. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, ఒద్దిరాజు రాఘవరంగారావు అనే అన్నదమ్ములు ఆ పల్లెకు అచ్చుయంత్రం తెచ్చి తెనుగు పత్రిక అని ఒక వారపత్రిక పెట్టారు. రాసేది వాళ్లే. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి కూర్చేది వాళ్లే. తెలుగు కూర్పు అంటే మాటలా? గుణింతాలు, వత్తులు కలుపుకుని వందల రకాల అచ్చులు, వాటికి అన్ని అరలు. ఒక వత్తు పక్క అరలో పడితే మాట మారిపోతుంది. కూర్చిన పేజీకి సిరా పూసి మిషను తిప్పేది వాళ్లే, తడి ఆరినాక మడిచి, పైన విలాసం రాసి, టపాలో వేసేది వాళ్లే. ఇంతా చేసి ఆ పత్రిక నిండా ఉన్నది వాళ్ల ఊరి గొప్ప కాదు. తెలుగు చదువుకు దిక్కులేని ఒక రాజ్యంలో, తెలుగు చదవగలిగినవాడు ఎక్కడున్నా వాడికి ఒక కాగితం అందాలని వాళ్ల తాపత్రయం. అదే ఏడాది నల్లగొండలో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు నీలగిరి పత్రిక మొదలుపెట్టారు.

ఇనుగుర్తి పేరు చదివినప్పుడల్లా నాకు జంగమకోటె గుర్తుకొస్తుంది. ఇనుగుర్తీ మా ఊరిలాంటి పల్లే. అక్కడా రాజభాష వేరు, ఇంటి భాష వేరు. తేడా ఒక్కటే, వాళ్లకు ఆ అన్నదమ్ములు దొరికారు.

ఇంకొక నాలుగేళ్లకు, 1926లో, హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక తెచ్చారు. వారానికి రెండుసార్లు వచ్చేది. ఆ రోజుల్లోనే నైజాంలో తెలుగు కవులు లేరు, సున్న, అని ఒక పండితుడు తేల్చేశాడు. ఇట్లాంటి మాట విన్నప్పుడు మామూలు మనిషి కోప్పడతాడు, వ్యాసం రాస్తాడు, మళ్లీ వాళ్లొక వ్యాసం, వీళ్లొక వ్యాసం, చివరికి ఎవరిదీ ఎవరికీ గుర్తుండదు. ప్రతాపరెడ్డి గారు సంపాదకుడు కాబట్టి సంపాదకుడు చేసే పనే చేశారు. మీ పద్యాలు పంపండి అని ఊరూరికీ కబురు పెట్టారు. వచ్చినవి కూర్చి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. ఎంతమంది కవులు? 354 మంది. అందులో అందరూ మహాకవులని నేను అనను, ఆయనా అనలేదు. కానీ సున్న అన్న చోట 354 అని చూపించినాక ఇంక వాదనకు ఏముంది?

నేను ఈ సంచిక గురించి ఇంత ఆగి చెప్పడానికి కారణం ఉంది. మా పక్క గురించి కూడా ఈ మాట ఇప్పటికీ వినబడుతుంది. కర్ణాటకలో తెలుగు సాహిత్యమా, ఎక్కడుంది స్వామీ అంటారు. విజయవాడలో అంటారు, హైదరాబాదులో అంటారు, నవ్వుతూ బెంగళూరులో కూడా అంటారు. కోలారు, చిక్కబళ్లాపురం, హోసూరు, ఈ నేలంతటికీ మొరసునాడు అని పాతపేరు. ఇక్కడ కథ చెప్పలేని అవ్వ లేదు, తత్వం పాడలేని తాత లేడు. రాసేవాళ్లూ ఉన్నారు. కోలారు జిల్లా నుంచి స. రఘునాథ గారు కన్నడంలోనూ తెలుగులోనూ రాస్తూ, అక్కడిది ఇక్కడికీ ఇక్కడిది అక్కడికీ తర్జుమా చేస్తూ వచ్చారు. హోసూరు వైపు నుంచి ఈ మధ్య కథలు బాగానే అచ్చవుతున్నాయి. ఇవి బయటికి రావడానికి ముఖ్యంగా తోడుపడినవి ఏవంటే, తెనాలికి చెందిన సామల రమేష్ బాబు గారు నడిపిన నడుస్తున్న చరిత్ర, తరువాత అమ్మనుడి లాంటి పత్రికలు. రాష్ట్రం బయట ఉన్న తెలుగువాడి తెలుగును తప్పుల తెలుగుగా చూడకుండా, అదీ తెలుగే అని పేజీ ఇచ్చిన పత్రికలు ఎక్కువ లేవు. ఇచ్చినవాటి పేరు చెప్పుకోవడం మా బాధ్యత.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్టులో జరిగే కథ ఒకటి రాసి ఒక చిన్న పత్రికకు పంపాను. పది రోజులకు కార్డు వచ్చింది. కథ తీసుకున్నామనీ లేదు, లేదనీ లేదు. మూడు ప్రశ్నలున్నాయి. మొదటిది: నాలుగో జరం అని రాశారు, జ్వరం పిల్లవాడికా, పురుగులకా? పురుగులకే. పట్టుపురుగు కుబుసం విడిచే ముందు ఆకు తినడం మానేసి కదలకుండా పడుకుంటుంది, దాన్ని మా వైపు జరం అంటాం. నాలుగో జరం నుంచి లేచి ఒక వారం మేసిందంటే గూడు కట్టడానికి చంద్రికలకు ఎక్కించాలి. ఆ వారం ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు, ఆకు కోసేవాళ్లు ఆకు కోస్తూనే ఉండాలి. ఇదంతా జవాబు రాశాను. రెండో ప్రశ్న ఒక పాత్ర వయసు గురించి. మూడోది ప్రశ్న కాదు, ఆర్డరు: వేలం దగ్గర లాటు ముందు నిలబడిన రైతు మొహం చూపించకుండా ఇంటికి తీసుకెళ్లిపోయారు, అక్కడ ఒక పేజీ రాసి పంపండి.

రాసి పంపాను. కథ అచ్చయి వచ్చాక విప్పి చూశాను. జరం జరంలాగే ఉంది, కింద అర్థం కూడా వెయ్యలేదు. దుడ్లు దుడ్లే. బిరీన బిరీనే. ఆ సంపాదకుడు నా దగ్గర అడిగి తెలుసుకున్నది తన కోసం, చదివేవాళ్ల మీద రుద్దడానికి కాదు. కథలోనే వాళ్లకు తెలిసిపోతుందని ఆయన నమ్మకం. ఆ కథ గురించి ఇప్పటికీ ఎవరైనా మాట్లాడితే వేలం పేజీ గురించే మాట్లాడతారు. అంటే ఆయన అడిగి రాయించిన పేజీ గురించే.

దీనికి పక్కనే ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే సంపాదకులందరూ దేవుళ్లని నేను చెబుతున్నట్టు ఉంటుంది. ఇంకో పత్రికలో నా కథ ఒకటి పడింది. దుడ్లన్నీ డబ్బులయ్యాయి. మా అవ్వ గోదావరి జిల్లాలో పుట్టినదానిలా మాట్లాడింది. ఏ పత్రికో చెప్పను, ఆ సంపాదకుడు మంచి మనిషి, ఎవరికీ అర్థం కాదేమోనని భయపడ్డాడు, అంతే. కానీ ఈ భయమే తెలుగు కథను చాలాకాలం కృష్ణా గోదావరుల మధ్య కట్టిపడేసింది. చిత్తూరు జిల్లా మాట ఎవరికి అర్థమవుతుంది అనుకున్నవాళ్లకు నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి కతలు జవాబు చెప్పాయి. వారపత్రికల్లో వచ్చిన ఆ కతల్ని రాష్ట్రమంతా చదివింది. ఆ మాటకు మా మాట పొరుగింటి చుట్టం. మదనపల్లె దాటితే చింతామణి ఎంత దూరమని! ఆయన తరువాత తానే ఆంధ్రజ్యోతి వారపత్రికకు సంపాదకుడు కూడా అయ్యారు. యాసలో రాసినవాడు సంపాదకుడి కుర్చీలో కూర్చుంటే ఏమవుతుందో తెలుగు పాఠకులు చూశారు.

పొరుగు అన్నాను కాబట్టి పెన్న గురించి కూడా ఒక మాట. పెన్న అంటే నెల్లూరు, కడప అనుకుంటారు గానీ ఆ ఉత్తర పినాకిని పుట్టింది మా నందికొండల వరసలో. గౌరిబిదనూరు మీదుగా హిందూపురం పక్కకు దిగి, అక్కడి నుంచి సీమంతా తిరిగి సముద్రానికి పోతుంది. ఆ ఎండిన ఏటి మీద పెన్నేటిపాట రాసిన విద్వాన్ విశ్వం గారు అనంతపురం జిల్లా తరిమెలవారు. కావ్యకర్తగా ఆయన పేరు నిలిచింది, అందులో అనుమానం లేదు. నాకు మాత్రం ఆంధ్రప్రభ వారపత్రికను నడిపిన విశ్వం గారంటే ఎక్కువ ఇష్టం. సీమ కరువును కావ్యం చేసిన మనిషి, తన పత్రికలో మాలతీ చందూర్ గారి ప్రమదావనం ఆదరంగా అచ్చువేశారు. వంటలు, ఇంటి సంగతులు, ఆడవాళ్ల ప్రశ్నలు, వాటికి జవాబులు. పెద్ద కవులు ఇట్లాంటివాటిని చిన్నచూపు చూస్తారు. ఆయన చూడలేదు. ఆ శీర్షిక కోసం పత్రిక కొన్న ఇంట్లోనే దాని పక్క పేజీలో కథ కూడా చదివారు. కథకు పాఠకులు ఆ దారిన వచ్చారు. ఇది తెలిసిన సంపాదకులు తక్కువ.

అనంతపురంలోనే పప్పూరు రామాచార్యులు గారి శ్రీ సాధన పత్రిక 1926లో మొదలైంది. కడపలో 1968లో రాచమల్లు రామచంద్రారెడ్డి గారి సంవేదన, త్రైమాసికం. కొద్ది సంచికలే వచ్చింది. ఆయనకు మొహమాటమంటే ఏమిటో తెలియదు, స్నేహితుడి పుస్తకమైనా బాగాలేకపోతే బాగాలేదనే రాసేవారు. మంచి విమర్శ పత్రిక ఎక్కువకాలం బతకకపోవడానికి బహుశా అదొక కారణం కావచ్చు.

భారతి సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1924లో మద్రాసులో మొదలుపెట్టారు, 1991 దాకా వచ్చింది. అందులో పద్యం పడితే కవి అయినట్టు లెక్క. పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టారు, ఆ తలనొప్పి మందు డబ్బే తెలుగు సాహిత్యానికి పెట్టుబడి అయింది. తరువాతి రోజుల్లో భారతిని చూసుకున్నవాళ్లలో తిరుమల రామచంద్ర గారు ఒకరు. 1913లో పుట్టిన రాఘవంపల్లె మనిషి, ధర్మవరం పక్క, అంటే మాకు పొరుగే. సంస్కృత ప్రాకృతాలు, కన్నడం, తమిళం తెలిసినవాడు, తెలుగు లిపి ఎట్లా పుట్టిందో పుస్తకం రాసినవాడు. మా సీమలో పుట్టినవాళ్లకు ఒక భాషతో కడుపు నిండదు.

ఆ మాటకొస్తే మాస్తి వెంకటేశ అయ్యంగారు గారిని తలుచుకోకుండా కోలారు సీమ నుంచి వచ్చినవాడు పత్రికల గురించి మాట్లాడకూడదు. 1891లో మా పాత కోలారు జిల్లా హుంగేనహళ్లిలో పుట్టారు. ఇంటి భాష తమిళం. రాసింది కన్నడం. 1983లో జ్ఞానపీఠం వచ్చింది. కన్నడిగులు ఆయన్ను కన్నడ ఆస్తి అంటారు. సర్కారులో పెద్ద ఉద్యోగాలు చేసి బయటికి వచ్చి, 1944 నుంచి 1965 దాకా జీవన అనే మాసపత్రిక నడిపారు. కథకుడిగా అప్పటికే శిఖరం మీద ఉన్న మనిషి ఇరవై ఏళ్లు ఇతరుల వ్యాసాలకు ప్రూఫులు చూశాడంటే ఆలోచించండి. ఇంట్లో ఒకటి, రాతలో ఒకటి అనే మా జిల్లా అలవాటుకు ఆయనే మాకు ధైర్యం. కన్నడ సాహిత్య పత్రికలు చదివి పెరిగిన మాలాంటి తెలుగువాళ్లు ఈ రుణం ఒప్పుకోవాలి. శిడ్లఘట్ట గ్రంథాలయంలో మాకు దొరికినవి అవే కదా.

ఇంకా వెనక్కి పోదాం. చింతామణి అనగానే మాకు టమోటా మార్కెట్టు గుర్తుకొస్తుంది గానీ, 1890లలో రాజమండ్రి నుంచి చింతామణి అనే పత్రిక వచ్చేది. కందుకూరి వీరేశలింగం గారి చెయ్యి ఉన్న పత్రిక. నవలలకు పోటీ పెట్టింది. నవల అంటే ఏమిటో ఇంకా సరిగా తెలియని రోజుల్లో పోటీ! 1894లో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి రామచంద్ర విజయానికి బహుమతి వచ్చింది. ఇప్పుడు ఉగాదికీ దీపావళికీ పత్రికలు పెట్టే కథల పోటీలన్నిటికీ మూలం అదే. పోటీల వల్ల సాహిత్యం బాగుపడుతుందా అంటే నాకు కొంచెం అనుమానమే, న్యాయనిర్ణేతకు నచ్చే ముగింపు రాయడం అందరికీ అలవాటైపోయింది. కానీ ఆ రోజుల్లో అది పనికొచ్చింది. అట్లాగే గురజాడ దిద్దుబాటు 1910లో మచిలీపట్నం ఆంధ్రభారతిలో వచ్చింది, అయ్యంకి వెంకటరమణయ్య గారి పత్రిక. తరువాత గ్రంథాలయోద్యమానికి ఆయన జీవితమంతా ఇచ్చారు. కథ అచ్చువేసినవాడే ఆ కథ చదివే చోటు కూడా కట్టించాడన్నమాట.

ఇంతమంది పెద్దల మధ్య ఒక చిన్నవాణ్ణి మరిచిపోకూడదు. కొంపెల్ల జనార్దనరావు. ఉదయిని అని ఒక సాహిత్య పత్రిక నడిపాడు. 1937లో, వయసు మీదుండగానే పోయాడు. ఆ పత్రిక ఎన్ని సంచికలు వచ్చిందో, ఎంత అప్పు మిగిల్చిందో ఇప్పుడు ఎవరికీ పట్టదు. కానీ 1950లో పుస్తకంగా వచ్చిన మహాప్రస్థానం తెరిచి చూడండి. శ్రీశ్రీ దాన్ని అంకితం చేసింది ఏ జమీందారుకూ కాదు, ఏ నాయకుడికీ కాదు, పత్రిక నడపలేక నలిగిపోయిన ఆ స్నేహితుడికి. తెలుగులో సంపాదకుడికి దక్కిన పెద్ద గౌరవం ఏది అని అడిగితే నేను ఆ పేజీ చూపిస్తాను.

ఇప్పుడు ఈనాటి సంగతి. భారతి లేదు. చందమామ లేదు. కొవిడ్ వచ్చినాక అచ్చు ఆపేసిన పత్రికలు ఎన్నో. ఉన్న సాహిత్య మాసపత్రికలు ఎట్లా నడుస్తున్నాయో చూడాలంటే వాటి ఆఫీసుకు పోవాలి. ఆఫీసంటే చాలాసార్లు సంపాదకుడి ఇంట్లో ముందు గదే. కాగితం ధర పెరిగింది. టపా ఖర్చు పెరిగింది. ప్రకటనలు ఇచ్చేవాళ్లు లేరు. ఏజెంటు దగ్గర బాకీ ఎప్పటికీ బాకీయే. రచయితకు పారితోషికం ఇవ్వలేకపోతున్నామని ఆ పెద్దాయన మొహమాటపడతాడు. తన జీతం గురించి ఆయన్ను ఎవరూ అడగరు. జీవిత చందా అని ఒకటి పెడతారు, అది చందాదారుడి జీవితమా, పత్రిక జీవితమా అని మనం జోకులు వేస్తాం. జోకు వేసేవాళ్లలో చందా కట్టినవాళ్లు తక్కువ.

మా ఊళ్లో రీలింగు యూనిట్ నడిపే ఒకాయన మొన్న నన్ను అడిగాడు: "ఏం సామీ, అంతా ఫోన్లోనే వస్తా ఉండాది కదా, ఈ పుస్తకాలకు దుడ్లు కట్టేది దేనికి?" మంచి ప్రశ్నే. ఫోన్లో రాత వస్తుంది, కాదనను. 1998 నుంచి అమెరికాలోని తెలుగువాళ్లు నడుపుతున్న ఈమాట లాంటివి అచ్చు లేకుండానే శ్రద్ధగా సంపాదకత్వం చేసి చూపించాయి. కాబట్టి గొడవ కాగితానిది కాదు. నాలుగో జరం ఎవరికి అని అడిగేవాడు ఎవరు? నేను రాసింది నా గోడ మీద నేనే వేసుకుంటే బాగుంది అనేవాళ్లు వందమంది వస్తారు. వేలం పేజీ రాయి అనేవాడు రాడు. ఆయనకు ఇదే చెప్పాను. ఒప్పుకున్నట్టు తల ఊపాడు. చందా ఇంకా కట్టలేదు.

పాత సంచికల గురించి కూడా ఒక ముక్క చెబుతాను. కాళీపట్నం రామారావు గారు, మన కారా మాస్టారు, 1995లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినాక 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. కథల పుస్తకాలతో పాటు పాత పత్రికల కోసం ఊళ్లన్నీ గాలించారు. ఎందుకంటే తెలుగు కథల్లో చాలా భాగం ఎప్పుడూ పుస్తకం కాలేదు, పత్రికలోనే పుట్టి పత్రికలోనే ఉండిపోయింది. ఆయన యజ్ఞం కూడా 1966లో యువలో వచ్చిన కథే. వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం కూడా ఈ పనే చేసింది, అక్కడ దాచిన పాత పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ వెళుతుంటారు. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం ఇళ్లల్లో అటకల మీద పాత తెలుగు సంచికలు ఉంటాయి. తాతలు కొన్నవి, అవ్వలు దాచినవి. ఇల్లు మారేటప్పుడు కిలో లెక్కన అమ్మేస్తున్నారు. అమ్మే ముందు ఒకసారి విప్పి చూడండి, ముందు పేజీలో సంవత్సరం ఉంటుంది. పాతదైతే ఏదైనా గ్రంథాలయానికి ఉత్తరం రాయండి, వాళ్లే చెబుతారు ఏం చెయ్యాలో.

చివరిగా చందాల మాట చెప్పి ముగిస్తాను. అమెరికాలో షికాగో నగరంలో హ్యారియట్ మన్రో అని ఒకావిడ 1912లో పొయెట్రీ అనే పత్రిక పెట్టింది. రవీంద్రుడి పద్యాలు ఆ ఏడాది డిసెంబరు సంచికలోనే వచ్చాయి, నోబెల్ రావడానికి ముందే. టి. ఎస్. ఎలియట్ పేరు మోసిన మొదటి కవిత కూడా 1915లో అందులోనే. ఈ పత్రిక పెట్టేముందు ఆవిడ ఏం చేసిందంటే, ఊళ్లో ఇల్లిల్లూ, ఆఫీసాఫీసూ తిరిగి, సుమారు వందమంది చేత ఏడాదికి 50 డాలర్ల చొప్పున అయిదేళ్లు ఇస్తామని మాట తీసుకుంది. ఆ వందమందిలో చాలామందికి కవిత్వంతో పని లేదు, వ్యాపారాలు చేసుకునేవాళ్లు. ఆ పత్రిక ఇప్పటికీ వస్తోంది.

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం, మా శిడ్లఘట్ట, ఈ నాలుగు తాలూకాల్లో గూళ్ల వ్యాపారులున్నారు, టమోటా మండీలవాళ్లున్నారు, మేష్టర్లున్నారు, బెంగళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలున్నారు. అందరి ఇంట్లోనూ తెలుగే. ఒక్కొక్క తాలూకాలో పాతికమంది ఒక తెలుగు సాహిత్య పత్రికకు ఏడాది చందా కడితే వందమంది అవుతారు. ఏ పత్రిక అనేది మీ ఇష్టం. చదవడం రాకపోయినా కట్టండి, మీ పిల్లవాడు కన్నడ అక్షరం తెలిసినవాడు, రెండు నెలల్లో కూడబలుక్కుని చదివేస్తాడు. రాయగలిగినవాళ్లు ఉంటే మీ ఊరి మాటలోనే రాసి పంపండి. దిద్దుతారని భయపడొద్దు, దిద్దితే అడగండి. మనియార్డరు ఫారం కోసం ఎదురుచూడక్కరలేదు ఇప్పుడు, ఫోన్లో దుడ్లు పంపే వసతి మా రీలరు అన్నకు కూడా ఉంది. ఈ నెలలోనే కట్టండి.